బొగ్గుబాయిల ప్రాంతంలో ఆరోగ్య అవసరాలు: కొలత, క్రమం

ఆరోగ్యం అనగానే మనకు దవాఖాన జ్ఞాపకం వస్తుంది. ఒక ప్రాంతంలో ఏ జబ్బులు ఎక్కువని ఎవరైనా అడిగితే, దవాఖాన రిజిస్టరు తెరిచి లెక్కబెడితే సరిపోతుందని అనుకుంటాము. నేను కూడా మొన్నమొన్నటి దాకా అట్లాగే అనుకున్నాను. కాని రిజిస్టరుకు ఎక్కేది దవాఖాన దాకా రాగలిగిన జబ్బు మాత్రమే. రాలేకపోయినదాని సంగతి ఏమిటి? అది ఎంత ఉంటుంది?

దీనికి పాముకాటు మంచి ఉదాహరణ. మన దేశంలో ఇంటింటికి పోయి, చనిపోయినవారి బంధువులను అడిగి, మరణ కారణాలను నిర్ణయించిన పెద్ద సర్వే ఒకటి జరిగింది. దాని ఆధారంగా 2020లో శాస్త్రజ్ఞులు వేసిన అంచనా ప్రకారం 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారు. అంటే సగటున ఏడాదికి 58 వేల మంది. ప్రభుత్వ ఆసుపత్రుల లెక్కల్లో కనబడేది ఇందులో చిన్న భాగమే. మిగతావారిలో చాలామంది పొలం గట్టు మీదనో, మంత్రం వేసేవాని ఇంటి ముందో, బండి దొరికేలోపల దారిలోనో పోయినవారు. వరి పండించే ఇంట్లో పుట్టినవానికి ఇది కొత్త సంగతి కాదు. అయితే ఇంతమంది పోతున్నా లెక్క తేలడానికి అన్నేళ్లు పట్టిందనేది మాత్రం ఆలోచించవలసిన విషయం.

ఇక మన గోదావరిఖని, రామగుండం సంగతికి వద్దాము. ఒకే చోట బొగ్గుబాయిలు, ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం ఉన్నాయి. వాటిని ఆనుకొని శ్రీరామసాగర్ కాలువ నీటితో వరి, పత్తి పండించే పల్లెలున్నాయి. 2016 అక్టోబరులో పెద్దపల్లి జిల్లా ఏర్పడ్డ తర్వాత ఇదంతా ఆ జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ వైద్యం రెండు దారుల్లో నడుస్తుంది. సింగరేణి పర్మినెంటు కార్మికునికి, అతని కుటుంబానికి కంపెనీ ఆసుపత్రి ఉంది. పక్క పల్లె రైతుకు, కూలీకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, సర్కారు దవాఖాన. కాంట్రాక్టు కార్మికుడు ఈ రెంటి నడుమ నిలబడతాడు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని ఎక్కువ భాగం కాంట్రాక్టు మీదనే నడుస్తుంది గనుక వీరి సంఖ్య తక్కువేమీ కాదు. పర్మినెంటు కార్మికునికి ఉన్న వైద్యపు హక్కు అదే రీతిలో వీరికి లేదు. రెండు రిజిస్టర్లను పక్కపక్కన పెట్టి కూడినా మన ప్రాంతపు ఆరోగ్యం తేలదు. ఎందుకంటే అందరూ మొదట పోయేది ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరికి. ఆయన దగ్గర రిజిస్టరే ఉండదు!

మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5 వేలకు ఒక ఉపకేంద్రం అనే ప్రమాణం మన దేశంలో ఉంది. ఇది తలల లెక్క. ఆ తలలు ఏ దుమ్ము పీలుస్తున్నాయో ఈ లెక్కకు తెలియదు.

దుమ్మంటే కంటికి కనబడేదని అనుకుంటాము. డంపరు పోయినప్పుడు రోడ్డు మీద లేచేదానిలో చాలా భాగం ముక్కులో, గొంతులో ఆగి, తుమ్ముగానో కళ్లెగానో బయటికి వస్తుంది. సుమారు 5 మైక్రాన్ల లోపు రేణువులు మాత్రం ఊపిరితిత్తుల చివరనుండే గాలి గదుల దాకా పోతాయి. అక్కడి రక్షక కణాలు వాటిని మింగుతాయి గాని అరిగించుకోలేవు. ఆ చోట మచ్చలు పడి, క్రమంగా పీచులాంటి కణజాలం పెరిగి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. దీనినే న్యూమోకోనియోసిస్ అంటారు. గట్టిపడ్డ భాగాన్ని మళ్ళీ మెత్తపరిచే మందు లేదు. రాతిలోని సిలికా కూడా కలిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. సిలికోసిస్ ఉన్నవారిని క్షయ సులభంగా పట్టుకుంటుంది. అందుకే 2017 నాటి బొగ్గు గనుల నిబంధనలు గాలిలోని సన్నని దుమ్మును ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాములకు కట్టడి చేశాయి.

చిక్కేమిటంటే ఇది సాధారణంగా పదేళ్లో, ఇరవై ఏళ్లో గడిచాక బయటపడే జబ్బు. 1952 గనుల చట్టం కింద 1955లో వచ్చిన నిబంధనలు, బాయి పనిలో చేరేటప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఐదేళ్లకొకసారి వైద్య పరీక్ష జరగాలన్నాయి. మంచిదే. కాని నాలుగేళ్లు ఒక కాంట్రాక్టరు దగ్గర, మూడేళ్లు మరొకరి దగ్గర చేసి, ఆ తర్వాత ఊరికి పోయి పత్తి వేసుకునే మనిషి దగ్గు ఏ లెక్కలోకి వస్తుంది? అతడు అప్పుడు రైతు. పాత ఎక్స్‌రే అతని వెంట రాకపోతే డాక్టరు కూడా బీడీ దగ్గు అనే అనుకుంటాడు.

ఈ సమస్య మనకొక్కరికే వచ్చింది కాదు. బ్రిటన్‌లో వేల్స్ అనే బొగ్గు ప్రాంతం ఉంది. అక్కడ గ్లిన్‌కోరుగ్ అనే గని గ్రామంలో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు పనిచేసేవాడు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది తక్కువ అందుతుందని ఆయన 1971లో లాన్సెట్ పత్రికలో రాసి, దానికి విలోమ సంరక్షణ నియమం అని పేరు పెట్టాడు. మన ఫిజిక్సులో విలోమానుపాతం వంటిదే! ఆయన రాసి ఊరుకోలేదు. జబ్బుతో వచ్చినవారినే చూడక, తన ఊరివారందరి రక్తపోటూ కొలిచాడు. రక్తపోటు నొప్పి పెట్టదు గనుక అడగనిదే బయటపడదు.

అడిగితే మాత్రం బయటపడుతుందా? ప్రశ్నలు రాసుకొని మొదట మా నాయన మీదనే ప్రయోగించాను. "ఆరోగ్యం ఎట్లుంది?" అంటే "నాకేమైంది, మంచిగనే ఉన్న" అన్నాడు. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న అంతే. అమ్మ పక్కనుంచి "అంగి జేబుల ఏమున్నయో అడుగు" అన్నది. నొప్పుల గోళీల షీటు, సగం ఖాళీ. నాట్ల కాలం నుంచి రోజూ వేసుకుంటున్నాడట. మండుటెండలో నీళ్లు తక్కువ తాగి చెమటోడ్చే మనిషి ఈ గోళీలు రోజూ మింగితే మూత్రపిండాలు దెబ్బతినే అవకాశం ఉంది. రామగుండం ఎండలు ఎట్లాంటివో చెప్పనక్కరలేదు. నా ప్రశ్నాపత్రంలో "జబ్బు ఉన్నదా?" అనే ప్రశ్న కొట్టేసి, "ఈ నెలలో ఏ గోళీలు కొన్నారు?" అని రాసుకున్నాను.

లెక్క తేలిన తర్వాత ఏది ముందు, ఏది వెనుక? దీనికి అమెరికాలో హాన్లన్ అనే ప్రజారోగ్య నిపుణుడు ఒక పద్ధతి చెప్పాడు. అక్కడి కౌంటీల ఆరోగ్య శాఖలు దీన్ని వాడుతుంటాయి. ప్రతి సమస్యకు విస్తృతి, తీవ్రత, మన చర్య పనిచేసే అవకాశం అని మూడింటికి పదేసి మార్కులు. తీవ్రతను రెట్టింపు చేసి విస్తృతికి కలిపి, వచ్చినదాన్ని మూడో మార్కుతో గుణించాలి. అభ్యాసం కోసం నేను వేసి చూశాను. మార్కులు నావే, ఏ సర్వేవీ కావు. పాముకాటుకు విస్తృతి 2, తీవ్రత 10, విరుగుడు మందు వేళకు అందితే ఫలితం 9: మొత్తం 198. నడుము, మోకాళ్ల నొప్పులకు 9, 4, 4: మొత్తం 68. ఊళ్ళో అందరూ మొదట చెప్పేది నొప్పులే, పాముకాటు ఎవరూ చెప్పరు.

అసలు విచిత్రం దుమ్ము జబ్బు దగ్గర. విస్తృతి 4, తీవ్రత 9. దవాఖానలో నయం చేయగలమా అని చూస్తే మూడో మార్కు 1, మొత్తం 22, అట్టడుగుకు పోతుంది. అదే జబ్బుకు చికిత్సకు బదులు పని చోట నీళ్లు చల్లడం, తడి డ్రిల్లింగు, ఎక్స్‌రే క్రమంగా తీయడం లెక్కలోకి తీసుకుంటే మూడో మార్కు 8, మొత్తం 176. డాక్టరు బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఆఖరుది, బాయి మొగదల నిలబడ్డవాడికి రెండోది. కనుక మార్కులు వేసేవారు ఎక్కడ నిలబడి వేస్తున్నారో కూడా రాయాలి.

నా పట్టిక చూపిస్తే మా చిన్నమ్మ "ఆడోళ్లవి ఏవి?" అన్నది. నిజమే, ఒక్కటి కూడా లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. 9, 5, 8 వేస్తే 152. నేను మరిచిపోయినది నొప్పులకంటే రెట్టింపు పైన నిలిచింది.

మన కాలేజీ ఎన్.ఎస్.ఎస్. క్యాంపు ఏటా చెట్లు నాటడంతో, రోడ్లు ఊడవడంతో అయిపోతున్నది. ఒక్క పల్లెలో ఒక్కసారి ఈ పని పెట్టుకుంటే బాగుంటుంది. ఆశా కార్యకర్తను వెంట తీసుకుపోవాలి. ఏ ఇంట్లో ఏమున్నదో ఆమెకు మనకంటే ఎక్కువ తెలుసు. ఆడవారిని విద్యార్థినులే అడగాలి. పేర్లు రాయవద్దు, ఇంటి వరుస నంబరు చాలు. ఇప్పుడేమి పని చేస్తున్నారనే కాక, ఇంతకు ముందు ఏ పని ఎన్నేళ్లు చేశారో అడగాలి.

ఇంకొకటి. 1950 ప్రాంతంలో వేల్స్‌లోనే రోండా ఫాక్ లోయలో ఆర్చీ కోక్రేన్ బృందం ఊపిరితిత్తుల ఎక్స్‌రేలు తీసింది. ఇంటింటికి మనుషులను పంపి, రానివారి కోసం మళ్ళీ మళ్ళీ పోయి, పెద్దవారిలో నూటికి సుమారు 90 మందిని చూసింది. మన దగ్గర పగలు పోతే సగం ఇండ్లకు తాళాలే ఉంటాయి. మొదటి షిఫ్టు పోయినవారు, పొలం పోయినవారు, కూలికి పోయినవారు. ఆ ఇండ్ల నంబర్లు వేరే కాగితం మీద రాసుకొని, పొద్దుగూకినాక మళ్ళీ పోవాలి.