ఏఐ బొమ్మలో మీ పని ఎంత?

బొమ్మలంటే ప్రాణం పెట్టే పిల్లలు ఇప్పుడు అడుగుతున్న ప్రశ్న ఒకటే: ఏఐ క్షణాల్లో బొమ్మ గీసి ఇస్తుంటే ఫైన్ ఆర్ట్స్ చదవడం దేనికి? అమెరికా కాపీరైట్ ఆఫీసు తీసుకున్న రెండు నిర్ణయాలు చూస్తే జవాబు దొరుకుతుంది.

2022లో కొలరాడో స్టేట్ ఫెయిర్‌లో జేసన్ అలెన్ మిడ్‌జర్నీ అనే ఏఐ టూల్‌తో తయారుచేసిన బొమ్మకు డిజిటల్ ఆర్ట్ విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. దానికోసం కనీసం 624 సార్లు ప్రాంప్టులు మార్చి మార్చి ఇచ్చానని ఆయన చెప్పారు. అయినా 2023 సెప్టెంబరులో ఆఫీసు కాపీరైట్ ఇవ్వడం కుదరదంది. ఏఐ పుట్టించిన భాగాన్ని మినహాయించి దరఖాస్తు చేయమంటే ఆయన ఒప్పుకోలేదు.

కెంట్ కీర్సీ చేసిన ‘ఎ సింగిల్ పీస్ ఆఫ్ అమెరికన్ చీజ్’ అనే బొమ్మకు మాత్రం 2025 జనవరిలో రిజిస్ట్రేషన్ దొరికింది. ఇందులోని ముక్కలు కూడా ఏఐ ఇచ్చినవే. కాకపోతే ఆయన బొమ్మలో ఒక్కో చోటు ఎంచుకుని, అక్కడికి కావలసింది మాత్రమే పుట్టించి, నచ్చనిది తీసేస్తూ సుమారు 35 సార్లు దిద్దారు. ఈ పద్ధతిని ఇన్‌పెయింటింగ్ అంటారు. మొదట కాదన్న ఆఫీసు, పని జరిగిన తీరు చూపించాక ఒప్పుకుంది. రక్షణ దక్కింది విడి ముక్కలకు కాదు, వాటిని ఏరి కూర్చిన తీరుకు.

624 సార్లు అడిగినా దక్కనిది సుమారు 35 సార్లు తేల్చుకుంటే దక్కింది. ఉద్యోగమిచ్చేవాళ్లు మీలో వెతకాల్సింది కూడా ఈ తేల్చుకునే శక్తినే అని నా గట్టి నమ్మకం. అది గీత సాధనతోనే వస్తుంది. మణికట్టు ఎక్కడ వంగుతుందో, నీడ ఎటు పడుతుందో పెన్సిల్‌తో నేర్చుకున్న కన్నే ఏఐ తప్పును పట్టుకుంటుంది. బతుకమ్మ పోస్టర్ కావాలంటే యంత్రం అందమైన పూలకుప్ప ఒకటి ఇచ్చి ఊరుకోవచ్చు. తంగేడు, గునుగు వరుసలు ఎలా పేరుస్తారో చూసి ఎరిగినవాళ్లే దాన్ని బతుకమ్మగా మార్చగలరు. ఇలాంటి పని మన పిల్లలకు మన దగ్గరే బోలెడంత ఉంది!

అందుకే చదువు విషయంలో వెనకాడకండి. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ విశ్వవిద్యాలయం బీఎఫ్‌ఏ కోర్సులు నడుపుతోంది. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ సీటుకు యూసీడ్ రాయాలి. ఆ పరీక్షలో ఈనాటికీ కాగితం మీద చేత్తో బొమ్మ గీయాల్సిందే.

పోర్ట్‌ఫోలియోలో పూర్తయిన బొమ్మతో ఆగిపోవద్దు. మొదటి స్కెచ్, వద్దనుకున్న రూపాలు, లేయర్లున్న ఫైలు, వాడిన టూల్ పేరు అన్నీ పెట్టండి. ఏఐ ఎక్కడ వాడారో దాచకండి, అడగకముందే చెప్పండి. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్‌తో పుట్టిన కృతికి, అది పుట్టడానికి కారకుడైన వ్యక్తినే కర్తగా చెబుతోంది. ఏఐ బొమ్మలకు ఇది ఎలా వర్తిస్తుందన్నది ఇంకా చర్చల్లోనే ఉంది కాబట్టి, ఫ్రీలాన్స్ పని ఒప్పుకునేటప్పుడు హక్కులు ఎవరివో, ఏఐ ఎంతవరకు వాడొచ్చో అడ్వాన్స్ తీసుకోకముందే కాగితం మీద రాయించుకోండి.