యంత్రమునకు తన నక్షా: బూట్‌లోడరులో డివైస్ ట్రీ అమరిక

హనుమాన్ జంక్షన్ కూడలిలో నాలుగు దిక్కుల త్రోవలు కలుస్తున్నవి. పడమట విజయవాడ, తూర్పున ఏలూరు, ఉత్తరమున నూజివీడు, దక్షిణమున గుడివాడ. ఇచ్చటి రైలు స్టేషను పేరు మాత్రము నూజివీడు. ఆ పేరు చూచి దిగిన కొత్త ప్రయాణికుడు ఊరి కోసము చుట్టూ వెదకుతాడు. ఊరు అక్కడ లేదు. ఇంకొక బస్సు ఎక్కి పోవలసి ఉన్నది. పేరు తెలిసినంత మాత్రాన చోటు తెలియదు. పేరు, చోటు, పోవలసిన త్రోవ, ఈ మూడూ ఒక కాగితము మీద సరిగా వ్రాసి ఇచ్చిననాడే ప్రయాణికుడు గమ్యము చేరగలడు.

కరెంటు అందిన తొలి క్షణములో చిన్న కంప్యూటరు కూడ ఇట్టి కొత్త ప్రయాణికుడే. తన జ్ఞాపకశక్తి ఎంత, అది ఏ చిరునామా నుండి మొదలవుతుంది, తనకు తగిలించిన మీటరు ఏ తీగ మీద ఉన్నది అన్న సంగతులు దానికి ఎవరో ఒకరు చెప్పవలెను. ఆ సంగతులు వ్రాసిన పత్రమే డివైస్ ట్రీ. దానిని చదివి, సరిచూచి, ముందుకు అందించు ప్రోగ్రామే బూట్‌లోడరు. మన విద్యార్థులలో పలువురు చిన్న బోర్డులతో ప్రాజెక్టులు చేయుచున్నందున ఈ విషయమును ఒక పాఠముగా వివరించుట ఉపయోగకరమని భావిస్తున్నాము.

ఎంబెడెడ్ వ్యవస్థ అనగా నేమి?

ఒకే పని కోసము ఒక యంత్రములో ఇమిడిపోయిన కంప్యూటరును ఎంబెడెడ్ వ్యవస్థ అంటారు. మన ప్రాంతమునకు దగ్గరి ఉదాహరణ తీసుకొందాము. జంక్షన్ నుండి గుడివాడ, కైకలూరు వైపు సాగిన కొద్దీ చేపల చెరువులు, రొయ్యల చెరువులు కానవస్తాయి. చెరువు నీటిలో కరిగిన ప్రాణవాయువు పగటివేళ పెరుగుతుంది. రాత్రి నాచు సైతము ప్రాణవాయువును వినియోగించుటచే తెల్లవారుజామున అది అన్నిటికంటె తక్కువకు పడిపోతుంది. ఆ వేళ ఏరేటర్లు తిరగకపోయినచో ఒక్క రాత్రిలో పంట పోవచ్చును. నీటిలో ఒక మీటరు ఉంచి, దాని లెక్కను ఒక చిన్న బోర్డు చదివి, అవసరమైనప్పుడు ఏరేటరును నడిపించునట్లు చేయవచ్చును. అట్టి బోర్డు రాత్రి మూడు గంటలకు కరెంటు పోయి వచ్చినప్పుడు, ఎవరూ లేవనవసరము లేకుండ, తనంతట తాను సక్రమముగా లేవవలెను. ఈ లేచు విధానమే మన పాఠము.

పూర్వ కథ

యంత్ర వర్ణనను చెట్టు రూపములో వ్రాయుట సన్ సంస్థ వర్క్‌స్టేషన్లలోని ఓపెన్ బూట్‌లో కనబడినది. 1994లో అది ఓపెన్ ఫర్మ్‌వేర్ పేరుతో ఐ.ఇ.ఇ.ఇ. 1275 ప్రమాణమైనది. తరువాత పవర్ పీసీ యంత్రముల కొరకు లినక్స్ కెర్నెలులో దానికి సంక్షిప్త రూపము ఏర్పడినది. ఆర్మ్ ప్రాసెసర్ల లోకములో మాత్రము చాలకాలము ఒక్కొక్క బోర్డుకు ఒక్కొక్క సీ ఫైలు కెర్నెలులోనే వ్రాసేవారు. బోర్డులు వందలు దాటగా కెర్నెలు నిండ చిరునామాల పట్టికలే పేరుకున్నవి. 2011లో లినస్ టోర్వాల్డ్స్ ఈ పరిస్థితిపై బహిరంగముగా విసుగు ప్రకటించాడు. అటు పిమ్మట ఆర్మ్ బోర్డులు వేగముగా డివైస్ ట్రీకి మారినవి.

యూ-బూట్ అను బూట్‌లోడరు జర్మనీ ఇంజనీరు వోల్ఫ్‌గాంగ్ డెంక్ కృషి వలన 2000లో పీపీసీ బూట్‌గా ఆరంభమై, 2002లో నేటి పేరు పొందినది. ఆయన 2022లో మరణించారు. యూ-బూట్ మూలము అందరూ చదువదగినది, మార్చదగినది. కనుకనే జంక్షన్‌లోని విద్యార్థికి కూడ ఇది అందుబాటులో ఉన్న పాఠ్యగ్రంథము.

చెట్టులో ఏమి వ్రాస్తారు?

2013లో వెలువడిన బీగల్‌బోన్ బ్లాక్ బోర్డును నమూనాగా తీసుకొందాము. దీనిలోని చిప్పు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎఎం3358. జ్ఞాపకశక్తి 512 మెగాబైట్లు. చెట్టులో వేరు ఒకటి. దాని నుండి కొమ్మలు. కొమ్మను నోడ్ అంటారు. ప్రతి నోడ్‌లో కొన్ని ధర్మములు ఉంటాయి. వాటిలో మూడింటిని తప్పక గుర్తుంచుకొనవలెను.

మొదటిది ‘కంపాటిబుల్’. ఇది పరికరము ఏ జాతిదో తెలుపును. దీనిని చూచియే తగిన డ్రైవరు ముందుకు వస్తుంది. రెండవది ‘రెగ్’. ఇది చిరునామా, పొడవు తెలుపును. ఈ బోర్డులో జ్ఞాపకశక్తి హెక్సాలో 80000000 వద్ద మొదలై 20000000 పొడవు సాగుతుంది. హెక్సాలో ఆ పొడవే 512 మెగాబైట్లు. మూడవది ‘స్టేటస్’. పరికరము చిప్పులో ఉన్నను ఇక్కడ ‘డిసేబుల్డ్’ అని ఉన్నచో కెర్నెలు దానిని పట్టించుకొనదు. ‘ఓకే’ అని ఉన్నచో స్వీకరిస్తుంది.

చిప్పులో ఉన్నవన్నియు ఒక ఫైలులో వ్రాసి, బోర్డు ఫైలు దానిని చేర్చుకొని, తనకు కావలసినవాటిని మాత్రమే ‘ఓకే’ చేస్తుంది. రెవెన్యూ లెక్కలతో పోల్చినచో, గ్రామ నక్షా అందరికీ ఒకటే; ఏ పొలములో ఏ పంట ఉన్నదో తెలుపు అడంగల్ మాత్రము వేరు. నక్షా అను మాట మనకు ఉర్దూ ద్వారా వచ్చినది. ఈ పాఠమునకు అంతకంటె తగిన మాట మాకు కనబడలేదు.

మనుష్యులు వ్రాసిన ఈ మూలమును డీటీసీ అను ప్రోగ్రాము యంత్రము చదువు రూపములోనికి మారుస్తుంది. ఆ ఫైలు మొదటి నాలుగు బైట్లు డి0, 0డి, ఎఫ్‌ఇ, ఇడి అని ఉంటాయి. ఆర్మ్ బోర్డుపై వాటిని నాలుగు బైట్ల మాటగా చూచినచో వరుస తిరగబడి కనబడుతుంది. ఫైలు చెడినదని విద్యార్థి కంగారుపడరాదు. ఒక్కొక్క బైటుగా చూచినచో సరియైన వరుస కనబడుతుంది.

అమరికలో మెట్లు

ఇక్కడ విద్యార్థులు తరచు పొరబడు విషయమును ముందుగా చెప్పుచున్నాము. చెట్లు రెండు. ఒకటి యూ-బూట్ తన పనికి తాను చదువుకొనునది. రెండవది యూ-బూట్ కెర్నెలుకు అందించునది. ఒకదానిని మార్చినంత మాత్రాన రెండవది మారదు.

మొదటి చెట్టు కొరకు, ఎఎం335ఎక్స్ ఈవీఎం డెఫ్‌కాన్ఫిగ్‌ను ఎంచుకొని, మెనూ కాన్ఫిగ్‌లో డివైస్ ట్రీ కంట్రోల్ అను భాగము తెరవవలెను. అందులో కాన్ఫిగ్ ఓఎఫ్ కంట్రోల్ ఆన్ అయి ఉండవలెను. డిఫాల్ట్ డివైస్ ట్రీ వద్ద ఫైలు పేరు చివరి తోక లేకుండ వ్రాయవలెను. చెట్టును యూ-బూట్ వెనుక అతికించు పద్ధతిని ఓఎఫ్ సెపరేట్ అంటారు, ఇదియే సాధారణము. లోపలనే ఇమిడ్చు ఓఎఫ్ ఎంబెడ్ పద్ధతి పరీక్షలకు మాత్రమే తగినది.

యూ-బూట్‌కు ముందు ఎస్పీఎల్ అను చిన్న ప్రోగ్రాము నడచును. అసలు జ్ఞాపకశక్తిని మేల్కొలుపునది అదియే కనుక చిప్పులోని స్వల్ప స్థలములోనే అది సర్దుకొనవలెను. అందుచేత దాని చెట్టు నుండి అనవసరపు కొమ్మలను నరికివేస్తారు. తొలి దశలో కావలసిన నోడ్‌లకు ‘బూట్‌పీహెచ్-ఆల్’ వంటి గుర్తు పెట్టవలెను. గుర్తు లేని కొమ్మ నరకబడుతుంది. ఆ కొమ్మ కన్సోలుదైనచో తెర మీద ఒక్క అక్షరము కూడ రాదు.

రెండవ చెట్టు కొరకు కాన్ఫిగ్ ఓఎఫ్ లిబ్‌ఎఫ్‌డీటీ ఆన్ అయి ఉండవలెను. బీగల్‌బోన్‌లో యూ-బూట్ బోర్డు మీది ఈప్రామ్‌ను చదివి, ఇది ఏ బోర్డో గుర్తించి, తగిన చెట్టు ఫైలు పేరును ఎంచుకొంటుంది. కెర్నెలును 82000000 వద్ద, చెట్టును 88000000 వద్ద నింపుట ఇక్కడి ఆనవాయితీ. పిదప బూట్‌జడ్ ఆజ్ఞలో మొదట కెర్నెలు చిరునామా, తరువాత ఒక అడ్డగీత, చివర చెట్టు చిరునామా వ్రాయవలెను. నడుమ స్థానము రామ్‌డిస్క్‌ది. అది లేదని చెప్పుటకే ఆ అడ్డగీత. దానిని మరచినచో యూ-బూట్ చెట్టునే రామ్‌డిస్క్ అనుకొంటుంది. కెర్నెలుకు అప్పగించు ముందు యూ-బూట్ చెట్టులోని ‘చోజెన్’ నోడ్‌లో బూట్ ఆదేశములు వ్రాసి, జ్ఞాపకశక్తి లెక్కను సరిచేస్తుంది. తుదకు చెట్టు చిరునామాను ప్రాసెసరు ఆర్2 రిజిస్టరులో ఉంచి తాను తప్పుకొంటుంది.

ఒక మౌన దోషము

ఇప్పుడు మన చెరువు వద్దకు వద్దాము. మీటరును ఒక కన్వర్టరు ద్వారా బోర్డు పీ9 వరుసలోని 24, 26 పిన్నులకు కలిపినాము అనుకొందాము. అవి యూఆర్ట్1 పిన్నులు. దాని రిజిస్టర్లు 48022000 వద్ద మొదలవుతాయి. తీగలు సరియే, మీటరు మంచిదే, బోర్డు లేచినది, దీపములు వెలిగినవి. లెక్క మాత్రము రాదు. విద్యార్థి మీటరును అనుమానిస్తాడు, తీగలు మారుస్తాడు, తన ప్రోగ్రామును పదిసార్లు తిరగవ్రాస్తాడు. కారణము ఒక్క పంక్తి: కెర్నెలుకు అందిన చెట్టులో యూఆర్ట్1 స్టేటస్ ‘డిసేబుల్డ్’ అని ఉన్నది. అడంగల్‌లో ఎక్కని పంట వలె, పొలములో ఉన్నను లెక్కలో లేదు.

దీనిని కనుగొనుటకు యూ-బూట్ వద్దనే ఆగి, ‘ఎఫ్‌డీటీ ఎడ్రస్’ ఆజ్ఞతో చెట్టును చూపి, ‘ఎఫ్‌డీటీ ప్రింట్’తో ఆ నోడ్‌ను చదువవలెను. ‘ఎఫ్‌డీటీ రీసైజ్’తో చోటు కల్పించి, ‘ఎఫ్‌డీటీ సెట్’తో స్టేటస్‌ను మార్చి పరీక్షింపవచ్చును. ఇది ఊహను రుజువు చేయుటకే. కరెంటు పోగానే ఈ మార్పు చెరిగిపోతుంది. శాశ్వత చికిత్స మూలములోనే జరుగవలెను. అక్కడ స్టేటస్‌తో పాటు, ఆ రెండు పిన్నులు యూఆర్ట్ పనికే కేటాయించినట్లు పిన్‌కంట్రోల్ ధర్మము కూడ వ్రాయవలెను. ఒకటి వ్రాసి రెండవది విడిచినచో డ్రైవరు లేస్తుంది కాని తీగ మీద మాట వినబడదు.

ఈ దోషము భయంకరమగుటకు కారణము దాని మౌనమే. లేవని బోర్డును రైతు ఉదయమే గమనిస్తాడు. లేచి, దీపము వెలిగించి, మీటరును చదువని బోర్డును అతడు నమ్ముతాడు. ఆ నమ్మకము మీదనే నిద్రపోతాడు. కాబట్టి చెట్టులో వ్రాసిన ప్రతి పంక్తి ఒక సాక్ష్యము వంటిదని మా అభిప్రాయము. ఉన్నదానిని లేదని, లేనిదానిని ఉన్నదని వ్రాయరాదు. పొరుగు బోర్డు ఫైలును నకలు తీసి, బోర్డు లేచినది గదా అని తృప్తి చెందరాదు.

విద్యార్థులకు, కమిటీకి మనవి

విద్యార్థులు మూడు అలవాట్లు చేసికొనవలెను. మొదట బోర్డు స్కీమాటిక్‌ను ముందుంచుకొని చెట్టును పంక్తి పంక్తిగా సరిచూడవలెను. రెండవది, కెర్నెలు లేచిన పిదప ‘ప్రాక్ డివైస్ ట్రీ’ డైరెక్టరీలో తనకు నిజముగా అందిన చెట్టును చదువవలెను. అందించినామనుకొన్నది, అందినది ఒకటేనని ముందే నమ్మరాదు. మూడవది, తీగను లాగి, మరల తగిలించి, మనిషి చేయి తగలకుండ మీటరు లెక్క వచ్చువరకు పరీక్ష ముగిసినదని వ్రాయరాదు.

కళాశాల కమిటీవారికి మా మనవి చిన్నది. ఇట్టి పాఠము నల్లబల్ల మీద సగమే అర్థమవుతుంది. కొన్ని బోర్డులు, వాటికి తగిన 3.3 వోల్టుల సీరియల్ కేబుళ్లు ప్రయోగశాలలో ఉన్నచో మిగిలిన సగము విద్యార్థి తన చేతులతో నేర్చుకొంటాడు. కేబుళ్ల వోల్టేజిని ప్రత్యేకముగా పేర్కొనుటకు కారణమున్నది: 5 వోల్టుల కేబులు తగిలించినచో బోర్డు పాడగును.

స్టేషను పేరు మనము మార్చనక్కరలేదు. దిగినవానికి ఊరు ఎటు ఉన్నదో సరిగా చెప్పిన చాలును. యంత్రము విషయములో ఆ చెప్పవలసిన బాధ్యత చెట్టును వ్రాయువానిది. మన విద్యార్థులు ఆ బాధ్యతకు తగినవారై, తాము అమర్చిన యంత్రమును నమ్మి ఒక రైతు నిశ్చింతగా నిద్రపోగల స్థితికి ఎదుగుదురని ఆశిస్తున్నాము.