గుడ్డబొమ్మ ఎంత పెద్దదిగా ఉండవలెను?

తిరునాళ్లలో బొమ్మల అంగడి ముందు నిలిచినవారి చూపు మొదట పెద్ద బొమ్మమీదనే పడును. పందిరి గుంజకు వ్రేలాడుచున్న నిలువెత్తు ఎలుగుబంటిని చూచి పిల్లలు కేరింతలు కొట్టుదురు. తండ్రి ధర అడుగును. విని, ప్రక్కనున్న చిన్న కుందేలును కొని ఇంటికి తీసికొనిపోవును. ప్రొద్దుగూకునప్పటికి చిన్న బొమ్మలు అమ్ముడుపోవును, పెద్ద బొమ్మ గుంజమీదనే మిగులును.

ఈ చిన్న విషయములో నేర్చుకొనదగిన పాఠమొకటి యున్నది. లోపల దూది కూరి, పైన నూగుగుడ్డతో కుట్టు మెత్తని బొమ్మల పనిని గ్రామములలోని మహిళా సంఘములు చేపట్టవచ్చును. కుట్టుమిషను, కత్తెర, ఓపిక ఉన్నచోట ఈ పనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. అయితే ఏ జంతువును చేయవలెను, ఏ రంగు వేయవలెను అని ఆలోచించినంతగా, ఎంత కొలతలో చేయవలెను అని సాధారణముగా ఆలోచించరు. కొలతను కంటికి వదలివేయుదురు. నిజమునకు మొదట నిర్ణయింపవలసినది కొలతయే. లాభనష్టములు, బిడ్డ క్షేమము కూడ దానిమీదనే ఆధారపడి యున్నవి.

కొలతయే పేరైన బొమ్మ

జర్మనీ దేశమున గీంగెన్ అను పట్టణములో మార్గరెటె స్టైఫ్ అను కుట్టుపనిమంతురాలు ఉండెను. 1847లో జన్మించిన ఆమెకు పసితనముననే పోలియో సోకి కాళ్లు చచ్చుపడినవి. కుడిచేయి కూడ సరిగా స్వాధీనములో ఉండెడిది కాదు. అయినను ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుట్టుపనితో జీవించినది. 1880లో సూదులు గ్రుచ్చి ఉంచుకొనుటకై ఉన్నిగుడ్డతో ఒక చిన్న ఏనుగును కుట్టినది. పెద్దలు దానిని సూదుల కొరకు తీసికొనగా, పిల్లలు ఆటబొమ్మగా చేసికొనిరి. ఒక పరిశ్రమకు అదియే బీజమైనది.

1902లో ఆమె సోదరుని కుమారుడు రిచర్డ్, కాళ్లుచేతులు కదలు ఎలుగుబంటి బొమ్మను రూపొందించెను. దాని పేరు 55 పి.బి. ఇందులో 55 అనునది సెంటీమీటర్లలో బొమ్మ కొలత. తక్కిన రెండు అక్షరములకు నూగుగుడ్డ అనియు, కదలునది అనియు అర్థము. చూడుడు, బొమ్మ పేరులో కొలతకే మొదటి స్థానము లభించినది! ఆ తరువాతి సంవత్సరములలో ఆ సంస్థ చిన్నవి, తేలికైనవి కూడ తయారుచేసెను. 1907లో ఒక్క సంవత్సరములోనే అక్కడ 9,74,000 ఎలుగుబంటి బొమ్మలు తయారైనవి. ఒకే రూపమును వేర్వేరు కొలతలలో చేసి, ఏ ఇంటికి తగినది ఆ ఇంటికి చేర్చుట అనునది అప్పటినుండియు ఈ పరిశ్రమలో నిలిచిన పద్ధతి.

రెండు, నాలుగు, ఎనిమిది

ఇక మన లెక్కకు వత్తము. ఆరు అంగుళముల బొమ్మను అదే రూపములో పండ్రెండు అంగుళములకు పెంచినచో ఖర్చు రెండింతలగునని తోచును. అది పొరపాటు. కుట్టు పొడవు రెండింతలగును. గుడ్డ నిడివికిని వెడల్పునకును పెరుగును గనుక నాలుగింతలు పట్టును. దూది నిడివి, వెడల్పు, మందము మూడింటికిని పెరుగును గనుక ఎనిమిదింతలు పట్టును. "కుట్టు రెండు, గుడ్డ నాలుగు, దూది ఎనిమిది" అని సంఘమువారందరు కంఠస్థము చేయుట మంచిది.

ఒక ఉదాహరణ చెప్పుకొందము. ఆరు అంగుళముల బొమ్మకు 80 చదరపు అంగుళముల గుడ్డయు, 20 గ్రాముల దూదియు పట్టుననుకొందము. పండ్రెండు అంగుళముల బొమ్మకు 320 చదరపు అంగుళముల గుడ్డ, 160 గ్రాముల దూది పట్టును. ఇరువదినాలుగు అంగుళముల బొమ్మకు 1,280 చదరపు అంగుళముల గుడ్డ, 1,280 గ్రాముల దూది కావలెను. అనగా ఒక్క పెద్ద బొమ్మ కడుపులో అరువదినాలుగు చిన్న బొమ్మల దూది పోవును.

అరువది అంగుళముల పన్నా గల నూగుగుడ్డ మీటరు 300 రూపాయలనియు, దూది కిలో 200 రూపాయలనియు అనుకొందము. చిన్న బొమ్మకు గుడ్డ 10, దూది 4, వెరసి 14 రూపాయలు. నడిమి బొమ్మకు గుడ్డ 41, దూది 32, వెరసి 73 రూపాయలు. పెద్ద బొమ్మకు గుడ్డ 163, దూది 256, వెరసి 419 రూపాయలు. పొడవును బట్టి ధర కట్టి, చిన్నదానిని నూరు రూపాయలకు, నడిమిదానిని రెండు నూర్లకు, పెద్దదానిని నాలుగు నూర్లకు అమ్మినారనుకొనుడు. సరకు ఖర్చు పోగా చిన్నదానిపై 86, నడిమిదానిపై 127 రూపాయలు మిగులును. పెద్దదానిపై మిగులుటకు మారు 19 రూపాయలు చేతినుండి పోవును. కుట్టిన చేతికి కూలియే లేదు!

ఈ ధరలు లెక్క తెలియుటకు చెప్పినవి మాత్రమే. మీ బజారు ధరలు వేసి మీరే గుణించుకొనుడు. అంకెలు మారవచ్చును గాని, రెండు, నాలుగు, ఎనిమిది అను సూత్రము మారదు. అప్పు తెచ్చిన డబ్బుతో పని ప్రారంభించు సంఘము ఈ లెక్క చూడనిచో, బొమ్మలన్నియు అమ్ముడుపోయినను వాయిదా కట్టుటకు డబ్బుండదు.

అట్లని మిక్కిలి చిన్నవి చేయుటయు లాభకరము కాదు. బొమ్మ ఎంత చిన్నదైనను రెండు కన్నులు, రెండు చెవులు, నాలుగు కాళ్లు కుట్టవలసినదే. సన్నని కాళ్లను లోపలినుండి బయటకు త్రిప్పుటకు పెద్దవాటికంటె ఎక్కువ సేపు పట్టును. పెద్ద బొమ్మ సరకును తినివేయును. మరీ చిన్న బొమ్మ కాలమును తినివేయును. కావున క్రొత్తగా పని నేర్చుకొనువారు ఎనిమిది మొదలు పండ్రెండు అంగుళముల మధ్య ప్రారంభించుట మేలు.

బిడ్డ మూరయే కొలబద్ద

ఖర్చు తేలిన తరువాత, ఆ బొమ్మ ఎవరి చేతికి పోవునో ఆలోచింపవలెను. మన పెద్దలు బెత్తెడు, జాన, మూర అని చేతితోనే కొలిచెడివారు. ఆ కొలతనే ఇక్కడ వాడుకొనవచ్చును. అయితే మన మూరతో గాక బిడ్డ మూరతో. బిడ్డ మోచేతినుండి వ్రేళ్ల కొనలవరకు ఎంత యున్నదో, ఎత్తుకొని తిరుగు బొమ్మ అంతకు మించకుండిన చాలును. రెండు మూడేండ్ల బిడ్డకు అది సుమారు తొమ్మిది పది అంగుళములుండును. బొమ్మ చేయి గాని, చెవి గాని, తోక గాని బిడ్డ పిడికిలిలో ఇముడవలెను. పిడికిట పట్టరాని బొమ్మను బిడ్డ ఈడ్చుకొనిపోవును, దుమ్ములో పొర్లించును, కొంతసేపటికి విసిగి మూలన పడవేయును.

ఉతుకుట కూడ కొలతపైననే ఆధారపడును. పసిబిడ్డ నోటబెట్టుకొను బొమ్మను తరచు ఉతుకవలెను. ఆరు అంగుళముల బొమ్మ మంచి యెండలో త్వరగా ఆరును. పెద్ద బొమ్మ పైకి ఆరినట్లు కనుపించినను, లోపలి దూది తడిగానే యుండి బూజుపట్టును. బూరుగుదూది, పత్తిదూది తడిసినచో ఉండలు కట్టును. అందుచే ఉతుకవలసిన బొమ్మలకు పాలియెస్టరు దూది వాడుట మంచిది. వానకాలములో అమ్ముటకైన బొమ్మలకు ఈ విషయము మరింత ముఖ్యము.

ప్రాణమునకు సంబంధించిన మాట

ఇచట తల్లులు శ్రద్ధగా గమనింపవలసినవి రెండు కలవు. మొదటిది: ఏడాది నిండని శిశువు నిద్రించు ఉయ్యాలలో గాని, పక్కలో గాని చిన్నదైనను పెద్దదైనను మెత్తని బొమ్మను ఉంచరాదు. అది ముఖముపై పడినచో తొలగించుకొను శక్తి శిశువునకుండదు. ఊపిరాడక ప్రాణాపాయము కలుగవచ్చును. అమెరికాలోని శిశువైద్యుల సంఘము కూడ ఇదే సలహా నిచ్చుచున్నది. మేలుకొనియున్నప్పుడు, పెద్దలు చూచుచుండగా ఆడుకొననిండు.

రెండవది: మూడేండ్లలోపు పిల్లల బొమ్మలకు గుండీలు, పూసలు కన్నులుగా కుట్టరాదు. అవి ఊడివచ్చి గొంతులో అడ్డుపడును. పరీక్షాలయములలో ఇట్టి చిన్న భాగములను కొలుచుటకు 31.7 మిల్లీమీటర్ల వ్యాసముగల గొట్టమును వాడుదురు. నొక్కకుండ అందులో పూర్తిగా ఇమిడిపోవు భాగము పసిపిల్లలకు ప్రమాదకరమని యెంచుదురు. అది ఇంచుమించు ఒకటింపాతిక అంగుళము. పిల్లల కన్నులు, ముక్కులు రంగుదారముతో కుట్టిన బొమ్మను చూచి మురియుదురే గాని, పూసల కొరకు ఏడువరు.

అమ్మకమునకు బొమ్మలు చేయువారు మరొకటి తెలిసికొనవలెను. పదునాలుగు సంవత్సరములలోపు పిల్లల ఆటబొమ్మలకు భారతీయ ప్రమాణముల ముద్ర ఉండవలెనని కేంద్రప్రభుత్వము 2020లో ఉత్తరువు జారీచేసినది. అది 2021 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. హస్తకళల అభివృద్ధి కమీషనరు వద్ద నమోదైన కళాకారులు చేసి అమ్ము వస్తువులకు ఇందునుండి మినహాయింపు కలదు. పని ప్రారంభించుటకు ముందే జిల్లా పరిశ్రమల కేంద్రమునకు పోయి, తమకు ఏది వర్తించునో అడిగి తెలిసికొనుట అవసరము.

నమూనాను పెంచు విధము

ఒక మంచి నమూనా చేత నున్నచో, దానినుండి అన్ని కొలతలును తీయవచ్చును. చిన్న నమూనాపై అర అంగుళము గళ్లు గీయుడు. వేరొక పెద్ద కాగితముపై అంగుళము గళ్లు గీయుడు. చిన్న గడిలో గీత ఎట్లు పోయినదో, పెద్ద గడిలో అట్లే గీయుడు. బొమ్మ సరిగా రెండింతల పొడవగును.

ఇందులో క్రొత్తవారు చేయు తప్పొకటి కలదు. కుట్టు కొరకు వదలు అంచుతో సహా పెంచుదురు. పావు అంగుళముండవలసిన అంచు అర అంగుళమై, బొమ్మ మెడవద్దను కాళ్లవద్దను ముడుతలు పడును. తగ్గించునప్పుడు అంచు సన్నమై కుట్టు పిగిలిపోవును. కావున మొదట అంచు లేకుండ రూపమును పెంచి లేక తగ్గించి, పిదప చుట్టును పావు అంగుళము విడిగా చేర్చవలెను. బొమ్మ కొలత ఏదైనను అంచు అంతే.

నూగు విషయమునను ఇట్టి జాగ్రత్తయే కావలెను. పొడుగు నూగుగల గుడ్డతో చిన్న బొమ్మ కుట్టినచో కన్ను, ముక్కు నూగులో మునిగిపోవును. చిన్నవాటికి పొట్టి నూగు, పెద్దవాటికి పొడుగు నూగు తగియుండును.

సేకరించువారికి

బొమ్మలు కొని దాచుకొనువారికిని కొలతయే మొదటి ప్రశ్న. సంక్రాంతికి గాని దసరాకు గాని బొమ్మల కొలువు తీర్చు గృహిణికి ఇది క్రొత్త విషయము కాదు. మెట్టు వెడల్పు చూచియే ఆమె బొమ్మను ఎన్నుకొనును. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలు పెట్టెలో సర్ది, మరుసటి ఏటికి భద్రపరచుట సులభము. మెత్తని బొమ్మలు అట్లు కావు. అవి చోటు నాక్రమించును, దుమ్ము పట్టును. రెండింతల పొడవుగల బొమ్మకు ఎనిమిదింతల చోటు కావలెనను సూత్రము అలమరకును వర్తించును.

చిన్న కొలతకుగల ఆకర్షణను అమెరికాలోని ఒక సంస్థ గ్రహించినది. 1993లో టై అను ఆ సంస్థ బీనీ బేబీస్ అను చిన్న బొమ్మలను, పిల్లలు తమ చేతిడబ్బుతో కొనగల ఐదు డాలర్ల ప్రాంతపు ధరకు విడుదల చేసినది. వాటిలో దూదితోబాటు ప్లాస్టిక్కు గింజలు కూరుటచే అవి వాలుగా, ఒదిగి కూర్చుండెడివి. కొంతకాలమునకు పెద్దలు వాటిని ఆస్తిగా భావించి, ధర పెరుగునని పెట్టెలకొలది కొని దాచిరి. ఆ మోజు 1990 దశకము చివర తగ్గిపోగా, చాలమందికి బొమ్మలే మిగిలినవి, డబ్బు మిగులలేదు. ముచ్చట కొరకు సేకరించుట మంచిదే. లాభము కొరకు సేకరించుట జూదముతో సమానము. ఒక్క కొలతను ఎంచుకొని, ఒక్క అరలో పట్టునన్ని మాత్రమే ఉంచుకొనువారు సుఖపడుదురు.

సోదరీమణులారా! మీ సంఘము తరువాతి సమావేశమునకు ఒక కొలబద్ద, ఒక త్రాసు వెంట తీసికొనిపొండు. ఆరు, తొమ్మిది, పండ్రెండు అంగుళములలో ఒక్కొక్క బొమ్మ కుట్టి, ఒక్కొక్కదానికి పట్టిన గుడ్డ, దూది, కాలము పుస్తకములో వ్రాసికొనుడు. పిమ్మట వానిని వీధిలోని పిల్లల ముందుంచుడు. ఏ బొమ్మను చంకనిడుకొని పరుగెత్తుదురో చూడుడు. మీ లెక్కపుస్తకము, ఆ పిల్లవాని చంక రెండును ఒప్పిన కొలతయే మీ బొమ్మకు తగిన కొలత.