పెచ్చులూడిన బడి: బాగుచేద్దామా, కూల్చి కడదామా?

వానలు పట్టుకున్న వారానికి జిల్లా పరిషత్ హైస్కూల్లో, ఎనిమిదో తరగతి గది శ్లాబు నుంచి పెచ్చు ఊడి బెంచీ మీద పడుతుంది. ఆదివారం కాబట్టి ఎవరికీ ఏమీ కాదు. సోమవారానికల్లా ఊళ్లో రెండు పక్షాలు తయారు. "పాతబడిపోయింది, కూల్చేయాల్సిందే" అని ఒకరు. "మా నాన్న చదివిన బడి, రాయిలాంటి కట్టుబడి, పైన పూత పూస్తే చాలు" అని మరొకరు. ఇద్దరూ చూసింది పైపూతనే.

2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన 'మన బడి నాడు-నేడు'లోనూ, 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన 'మన ఊరు-మన బడి'లోనూ మరమ్మతులుండేవి, కొత్త గదులూ ఉండేవి. పథకం ఏదైనా, ఎక్కడ మరమ్మతు, ఎక్కడ కొత్త గది అన్నది బడి దగ్గరే తేలాలి. ఎలా తేల్చాలో వరసగా చూద్దాం. ముందే ఒక మాట: ఈ ప్రశ్నను బడి మొత్తానికి కలిపి అడగకూడదు. ఏ బ్లాకుకా బ్లాకు విడిగా అడగాలి.

1. కాగితాలు తీయండి

పాత హైస్కూలు ఆవరణలో తరచు మూడు కాలాల కట్టడాలు కనిపిస్తాయి. సున్నపు గోడల మీద దూలాలు పరిచిన మద్రాసు మిద్దె, ఎనభైల నాటి శ్లాబు గదులు, 2009లో హైస్కూళ్లకు కేంద్ర ప్రభుత్వ ఆర్‌ఎంఎస్‌ఏ పథకం వచ్చాక లేచిన గదులు. ఏది ఎప్పుడు కట్టారో, నక్షా, అంచనా, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) ఎక్కడున్నాయో హెడ్మాస్టరు గది బీరువాలోనూ, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్, సమగ్ర శిక్ష ఆఫీసుల్లోనూ వెతకాలి. దొరక్కపోతే టేపు పట్టుకుని కొలిచి కొత్త నక్షా గీయాలి. మేడ మీది గదులు తర్వాత వేసినవైతే, కింది పునాది ఒక్క అంతస్తుకే తీసిందా అన్నది తప్పక తేలాలి. అనుమానముంటే పునాది పక్కన గొయ్యి తవ్వి చూడటమే.

2. కళ్లు, చెవి, చిన్న సుత్తి

వాన కురిసే రోజున వెళ్లండి. నీరు ఎక్కడ నిలుస్తోందో, ఏ గోడ చెమ్మగిల్లుతోందో ఎండలో తెలియదు. పూతలో వెంట్రుకవాసి పగుళ్లకు భయపడనక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగే పగులును మాత్రం వదలొద్దు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంగే చోట్ల పునాది కదిలిందనడానికి అది గుర్తు కావచ్చు. దానికి అడ్డంగా సన్నని గాజు పలకను సిమెంటుతో అతికించి తేదీ వేయండి. కొన్ని నెలల్లో పలక పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే.

శ్లాబు అడుగున గోధుమరంగు చార, దాని వెంటే పగులు ఉంటే లోపలి ఊచ తుప్పు పట్టినట్టు. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు అడుగుతుంది, పెచ్చును తోసేస్తుంది. సుత్తితో మెల్లగా తట్టండి. ఠంగుమంటే గట్టి, డబడబమంటే బోలు. బోలు మోగిన చోటల్లా సుద్దతో గీత గీసి, ఆ గదికి తాళం వేయండి. ఇంజనీరు రిపోర్టు వచ్చేదాకా ఆగే పని కాదిది.

3. ఇంజనీరు పరీక్షలు

స్ప్రింగు సుత్తి, అదే రిబౌండ్ హ్యామర్, కాంక్రీటు పైపొర గట్టిదనాన్ని చెబుతుంది. అదొక్కటే నమ్మితే మోసపోతాం, పాత కాంక్రీటు పైపొర కాలం గడిచేకొద్దీ గట్టిపడుతుంది కనుక. తోడుగా అల్ట్రాసోనిక్ పరీక్ష కావాలి. చాన్నాళ్లుగా వాడిన కొలమానం ప్రకారం, తరంగం సెకనుకు 3.5 కిలోమీటర్లు దాటి పరుగెత్తితే కాంక్రీటు మంచిది, 3 కిలోమీటర్ల లోపైతే సందేహించాలి. ఇంకా అనుమానముంటే కాంక్రీటును గుండ్రంగా తొలిచి ముక్కలు (కోర్లు) తీస్తారు. కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం వాటి సగటు బలం నిర్దేశించిన దానిలో 85 శాతమైనా ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

అన్నిటికన్నా చవకైన పరీక్ష ఫినాల్ఫ్తలీన్ చుక్క. కాంక్రీటును కొంచెం చెక్కి, తాజా ముఖం మీద చల్లితే క్షారగుణం మిగిలిన చోట గులాబీ రంగు వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు చొరబడిన చోట రంగు రాదు. ఆ రంగులేని పొర ఊచను తాకిందంటే ఊచకు కవచం పోయినట్టే. 1978 నాటి ఐఎస్ 456 శ్లాబు ఊచల కింద 15 మిల్లీమీటర్ల కవరు (ఊచను కప్పే కాంక్రీటు పొర) చాలంది. 2000లో వచ్చిన సవరణ, ఉప్పుగాలి తగిలే తీరప్రాంతంలో పరిస్థితిని బట్టి 30 నుంచి 45 మిల్లీమీటర్లు అడిగింది. అందుకే, ఊచలే లేని తాతల నాటి సున్నపు గోడ నిక్షేపంగా నిలిచి, దానికన్నా చిన్నదైన ఎనభైల శ్లాబు రాలిపోవడం వింతేమీ కాదు. వయసు చూసి తీర్పు చెప్పకూడదు.

4. నక్షాకు రంగులు వేయండి

పూతా, వాననీటి కట్టడీ సరిపోయే బ్లాకు ఆకుపచ్చ. పిల్లర్లకు జాకెటింగు (చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు), శ్లాబుకు మరమ్మతు కావాల్సింది పసుపు. పునాది కుంగినదో, ఊచలను తుప్పు తినేసినదో ఎరుపు. ఒకే ఆవరణలో మూడు రంగులూ పడితే కంగారొద్దు. "కూల్చాలా వద్దా" అన్న పోట్లాట సగం ఇక్కడే చల్లారుతుంది.

5. గదుల అవసరం

ఈ ఏటి హాజరుపట్టీ ఒక్కటీ చాలదు. కింది ప్రాథమిక బడుల నుంచి ఏటా ఎంతమంది వస్తున్నారో చూసి రాబోయే ఐదేళ్లకు సెక్షన్లు లెక్కించండి. ల్యాబు, లైబ్రరీ, ఆడపిల్లల మరుగుదొడ్లు, 1:12 వాలున్న ర్యాంపు, రెండో మెట్లదారి చేర్చండి. 2004 జూలై 16న కుంభకోణం బడిలో మంటలకు 94 మంది పిల్లలు బలయ్యారు. బయటపడే దారి లెక్కను చివరికి వదిలేయకూడదు. గదుల సంఖ్య ఇప్పటికే సరిపోతే, ఎర్ర బ్లాకును కూల్చి ఆ చోటును ఆటస్థలంలో కలిపేయడమూ ఒక దారే.

6. రెండు అంచనాలు, ఒకే తక్కెడ

పసుపు బ్లాకుకు రెండు అంచనాలు వేయించండి, రెండూ ఆ ఏటి ఎస్ఎస్ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) ధరల్లోనే. మరమ్మతు పక్షం కరెంటు వైరింగు, కిటికీలు, పైకప్పు నీటి రక్షణ మరిచిపోతుంది. పెచ్చు కొట్టాకే బయటపడే తుప్పుకు మార్జిను కూడా పెట్టాలి. కొత్త భవనం పక్షం కూల్చివేత, శిథిలాల రవాణా, తాత్కాలిక షెడ్లు, పెరిగే ధరలు మరిచిపోతుంది.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఒక సూత్రం వాడింది: బాగుచేసే ఖర్చు కొత్తదాని ఖర్చులో మూడింట రెండొంతులు దాటితే కొత్తదానివైపు మొగ్గాలి. అక్కడి పాత కట్టడాల పరిరక్షకులు ఇలాంటి శాతపు గీతలను తప్పుపట్టారు. మనకైనా అంతే. కొత్తదానికి వంద రూపాయలు, మరమ్మతుకు డెబ్బై అనుకుందాం. కూల్చివేత, షెడ్లు కలిపితే ఆ వంద నూట పదిహేనైతే, గీతకు అవతలున్న డెబ్బై ఇవతలికి వచ్చేస్తుంది. ఆ తర్వాత మరో ప్రశ్న: ఆ డెబ్బైతో ఎన్నేళ్లు నిలుస్తుంది? పదేళ్లకే మళ్లీ పెచ్చులూడేటట్టయితే డెబ్బై కూడా దండగే.

7. పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?

వేసవి సెలవులు ఏడు వారాలు. ముందే సామాను తెచ్చుకుని దిగితే మరమ్మతు చాలావరకు ఇందులో ముగుస్తుంది. కొత్త భవనం ముగియదు. నాలుగున్నర మీటర్లు దాటిన శ్లాబు కింద ఆసరా కర్రలే పద్నాలుగు రోజులు కదలకూడదు. పునాది, గోడలు, పూత వేరు. కాబట్టి ఖాళీ జాగా ఉంటే ముందు కొత్త గదులు కట్టి, పిల్లల్ని మార్చి, తర్వాత ఎరుపు బ్లాకును కూల్చాలి. పదో తరగతి పరీక్షల ముందు సుత్తి చప్పుడు వినబడకూడదు.

8. తీర్మానం, బీరువా

విద్యాహక్కు చట్టం 21వ సెక్షను యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంటుంది. రంగుల నక్షా, రెండు అంచనాలు వాళ్ల ముందు పరిచి, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) చేత తెలుగులో చెప్పించి, అప్పుడు సంతకాలు తీసుకోండి.

ఇక పరీక్ష రిపోర్టులు, ఊచలు కట్టినప్పుడు తీసిన ఫొటోలు, నక్షా ఒక ఫైలులో కట్టి హెడ్మాస్టరు గది బీరువాలో పెట్టండి. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ ఓ పెచ్చు ఊడుతుంది. అప్పటివాళ్లు మనలా టేపు పట్టుకుని మొదలుపెట్టే అవసరం రాకూడదు.