సొరపాదుకు పందిరి, పైపుకు కాలు

ఊరి చివర నీళ్ళ ట్యాంకు ఉంది. పక్కనే బావి, పంపుగది. పంపు బావి నీళ్ళను ట్యాంకుకు ఎక్కిస్తుంది. పొద్దున్నే కొళాయిల్లో నీళ్ళు వస్తాయి.

ఒకరోజు నీళ్ళు రాలేదు. ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పొలాల్లో బోరు దగ్గరికి నడిచారు. కూలికి ఆలస్యమైంది. ఆడపిల్లలు బడి మానేశారు. అలా నాలుగు రోజులు గడిచాయి.

నీళ్ళ సంఘం ఆడవాళ్ళు పంపుగదికి వెళ్ళి చూశారు. పంపు మూతి దగ్గర పగిలింది.

"పోయినసారి బేరింగు పోయింది. ఇప్పుడు పంపే పగిలింది. నాసి పంపు అంటగట్టారు" అంది పెద్దవ్వ.

పట్నం నుంచి ఫిట్టరు వచ్చాడు. అతను పంపుకంటే ముందు పైపును చూశాడు.

"పంపు మంచిదే అవ్వా. దాని మీద మోయలేని బరువు పెట్టారు."

"బరువేముంది? పైపేగా!" అంది పెద్దవ్వ కోడలు.

"లెక్క కట్టి చూడు చెల్లెమ్మా."

కోడలు రాత్రి బడిలో లెక్కలు నేర్చుకుంది. ఫిట్టరు చెబుతుంటే బొగ్గుతో గోడ మీద రాసింది.

4 అంగుళాల ఇనుప పైపు, 1 మీటరు పొడవు: సుమారు 12 కిలోలు.
అందులో పట్టే నీళ్ళు: సుమారు 8 కిలోలు.
రెండూ కలిపి: 20 కిలోలు.
3 మీటర్ల పైపు అయితే: 60 కిలోలు.

"పైన వాల్వు కూడా ఉంది. దాని బరువు వేరే" అన్నాడు ఫిట్టరు.

"అమ్మో! ఇంత బరువు పగలూ రాత్రీ పంపు మెడకు వేలాడుతోందా?" అంది కోడలు.

పంపు పైభాగం పోత ఇనుముతో చేస్తారు. పోత ఇనుము నొక్కితే ఓర్చుకుంటుంది. గుంజితే, వంచితే పగులుతుంది. పగలక ముందు కూడా చెరుపు జరుగుతూనే ఉంటుంది. పైపు బరువుకు పంపు కాస్త పక్కకు లాగినట్టవుతుంది. అప్పుడు మోటారు ఇరుసు, పంపు ఇరుసు ఒకే వరసలో ఉండవు. పంపు అదురుతుంది. బేరింగు వేడెక్కి అరిగిపోతుంది. గ్లాండు దగ్గర నీళ్ళు ఎక్కువగా కారుతాయి.

"మన సొరపాదు లాగే అన్నమాట. వేరు నీళ్ళు తాగుతుంది. కాయల బరువు పందిరి మోస్తుంది. పందిరి లేకపోతే పాదు విరిగిపోదూ?" అంది పెద్దవ్వ.

"అంతే అవ్వా. పంపు నీళ్ళు తోడాలి. పైపును వేరేది మొయ్యాలి" అన్నాడు ఫిట్టరు.

ఆ మోసేదే కాలు. పైపు కింద కాలు పెట్టేటప్పుడు ఇవి చూసుకోవాలి.

1. పంపు దగ్గర పైపు వంపు తిరిగే చోట, వంపు కింద కాలు ఉండాలి. నీళ్ళు పీల్చే వైపు ఒకటి, పైకి తోసే వైపు ఒకటి పెట్టాలి. పంపుకు దగ్గరగా ఉంటే మంచిది.

2. మర తిప్పితే పైకీ కిందికీ జరిగే ఇనుప కాలు మేలు. ఇటుక దిమ్మె కొంచెం తగ్గితే పైపు దాని మీద ఆనదు. కొంచెం పెరిగితే పైపును, పంపును పైకి తోస్తుంది. రెండూ చెరుపే.

3. పంపు కూర్చున్న కాంక్రీటు దిమ్మె మీదే కాలు కూడా నిలబడాలి. మట్టి మీద పెడితే వానలకు దిగిపోతుంది. బరువు మళ్ళీ పంపు మీదే పడుతుంది.

4. బరువైన వాల్వు కింద వేరే కాలు పెట్టాలి.

5. కరెంటు పోగానే పైకి పోయే నీళ్ళు వెనక్కి వచ్చి వాల్వును కొడతాయి. పైపు దడేలుమని అదురుతుంది. అందుకని కాలుకు పట్టీ వేసి పైపును పట్టి ఉంచాలి. రాళ్ళు, కర్రముక్కలు దూరిస్తే అదురుకు జారిపోతాయి.

కాలు సరిగా పెట్టారో లేదో తెలిసేది ఎలా? ముందు మెయిను ఆపి, ఫ్యూజు తీయాలి. వాల్వు మూసి, పైపులో నీళ్ళు వదిలేయాలి. తర్వాత పంపు మూతి దగ్గర బోల్టులు విప్పాలి. అప్పుడు పైపు కిందికి జారకూడదు. పక్కకు జరగకూడదు. అదే బోల్టు మళ్ళీ చేత్తోనే దూరాలి. గునపంతో పైపును లాగి బోల్టు ఎక్కించాల్సి వస్తే కాలు సరిగా లేనట్టే.

ఈ ఊరి పైపులో చల్లని నీళ్ళు పారతాయి. కాబట్టి కదలని కాలు చాలు. రామగుండం లాంటి కరెంటు కేంద్రాల్లో పంపులు సలసల కాగే నీటిని తోస్తాయి. వేడికి ఇనుము సాగుతుంది. 10 మీటర్ల ఇనుప పైపు వేడి 100 డిగ్రీలు పెరిగితే సుమారు 12 మిల్లీమీటర్లు సాగుతుంది. కదలని కాలు ఉంటే ఆ సాగుడు పంపును నెడుతుంది. అందుకే అలాంటి చోట్ల స్ప్రింగు ఉన్న కాళ్ళు పెడతారు. స్ప్రింగు బరువూ మోస్తుంది, పైపును కదలనూ ఇస్తుంది.

మర్నాడు కంట్రాక్టరు కొత్త పంపుకు అంచనా కాగితం తెచ్చాడు. "ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అన్నాడు.

కోడలు కాగితం తీసుకుంది. ఒక్కో వరస మీద వేలు పెట్టి చదివింది. పంపు ఉంది. ప్యాకింగు, బోల్టులు ఉన్నాయి. కూలి ఉంది.

"కాళ్ళు ఎక్కడ రాశారు?" అని అడిగింది.

"పాతదానికీ లేవు కదమ్మా. అన్ని ఊళ్ళలో ఇలాగే పెడుతున్నాం."

"పాతదానికి లేవు కాబట్టే పగిలింది. కాళ్ళు రాస్తేనే సంతకం."

కంట్రాక్టరు సర్పంచి వంక చూశాడు. సర్పంచి గోడ మీది లెక్క వంక చూశాడు. "రాయవయ్యా" అన్నాడు.

కాగితంలో ఇంకో వరస చేరింది. కింద కోడలు తన పేరు రాసింది. పెద్దవ్వ కూడా వేలిముద్ర వద్దని, కూడబలుక్కుని తన పేరు తానే రాసింది.

ఇప్పుడు నీళ్ళ సంఘం వాళ్ళు నెలకొకసారి పంపు ఆపించి చూస్తారు. కాలుకూ పైపుకూ మధ్య కాగితం దూరితే సందు వచ్చినట్టే. వెంటనే ఫిట్టరుకు కబురు పంపుతారు.

ఆలోచించండి, చెప్పండి

1. పంపు ఎందుకు పగిలింది?
2. మట్టి మీద కాలు పెడితే ఏమవుతుంది?
3. 5 మీటర్ల 4 అంగుళాల పైపు నీళ్ళతో కలిపి ఎన్ని కిలోలు ఉంటుంది?
4. మీ ఊరి పంపుగదిలో పైపు కింద కాలు ఉందా? చూసి వచ్చి చెప్పండి.