స్పార్క్లింగ్ వైన్ ద్రాక్ష సాగు: కోతనాటి ఆమ్లత, కత్తిరింపు తేదీ, కొత్తగూడెం ప్రాంతానికి అన్వయం

వైన్ ద్రాక్ష వేయదలచిన రైతు విస్తరణ శాస్త్రవేత్తను మొదట అడిగేది రకం పేరు. స్పార్క్లింగ్ వైన్ విషయంలో అది రెండవ ప్రశ్న మాత్రమే. గుత్తి కోసేనాటికి పండులో ఆమ్లం ఎంత మిగులుతుందన్నది మొదటి ప్రశ్న. ఉష్ణమండలంలో దీనికి జవాబు రకంకంటే ఎక్కువగా తోట ఉన్న ఎత్తు మీద, కత్తిరింపు తేదీ మీద ఆధారపడి ఉంటుంది. సింగరేణి ప్రాంతంలో ఉద్యోగ విరమణ సొమ్మును తోటలో పెట్టదలచిన కుటుంబం ఈ పంటను గురించి అడిగినపుడు, ఆ రెండూ చూడకుండా ఇచ్చే సలహా ఆ కుటుంబానికి ఖరీదైనది కాగలదు.

సీసాలో జరిగే రెండవ పులియబెట్టుట

సాధారణ వైన్ ఒకసారి పులుస్తుంది. షాంపేన్ పద్ధతిలో తయారయ్యే స్పార్క్లింగ్ వైన్ రెండుసార్లు పులుస్తుంది. మొదటిసారి తొట్టిలో 10 నుండి 11 శాతం ఆల్కహాలు గల మూల వైన్ తయారవుతుంది. దానికి లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, ఈస్ట్ కలిపి సీసాలో బిగిస్తారు. ప్రతి 4 గ్రాముల చక్కెర సుమారు ఒక అట్మాస్ఫియరు ఒత్తిడినిస్తుంది గనుక సీసాలో దాదాపు 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఏర్పడుతుంది. ఇది కారు టైరులోని గాలి ఒత్తిడికి రెండింతలకు పైన. మందపాటి గాజు, తీగతో బిగించిన బిరడా అందుకే అవసరం. రెండవసారి పులియుట వల్ల ఆల్కహాలు మరో ఒకటిన్నర శాతం వరకు పెరుగుతుంది.

మూల వైన్‌లో ఆల్కహాలు తక్కువగా ఉండవలెనంటే పండును చక్కెర పూర్తిగా చేరకముందే కోయాలి. సాధారణ వైన్‌కు 22 నుండి 24 బ్రిక్స్ వద్ద కోస్తే, దీనికి 17 నుండి 19 బ్రిక్స్ చాలు. ఆ దశలో పి.హెచ్. 3.0 నుండి 3.2 మధ్య, ఆమ్లత లీటరుకు 7 నుండి 10 గ్రాములు ఉండుట వాంఛనీయం. ఉత్తర ఫ్రాన్సులో 49 డిగ్రీల అక్షాంశం వద్ద, సగటు వార్షిక ఉష్ణోగ్రత సుమారు 11 డిగ్రీలు గల షాంపేన్ సీమలో చలి వల్లనే ఇది సాధ్యమవుతుంది. మన వద్ద ఈ చలిని క్యాలెండరుతో సాధించవలసి ఉంటుంది.

పండులోని రెండు ముఖ్య ఆమ్లాలలో టార్టారిక్ ఆమ్లం నిలకడైనది. మాలిక్ ఆమ్లాన్ని పండు తన శ్వాసక్రియలో ఖర్చు చేస్తుంది. వేడి పెరిగిన కొద్దీ, ముఖ్యంగా వెచ్చని రాత్రులలో, ఈ ఖర్చు పెరుగుతుంది. తరువాత టార్టారిక్ ఆమ్లం కలపవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. కలపవచ్చు. అయితే పొటాషియం అధికంగా ఉన్న రసంలో దానిలో కొంత భాగం చల్లబరచినపుడు లవణంగా అడుగుకు దిగిపోతుంది. వేడికి పోయిన సువాసన తిరిగి రాదు. పొటాషియం విషయంలో రూట్‌స్టాక్ ఎంపిక కూడా ముఖ్యం. మన దేశంలో తినే ద్రాక్షకు విస్తృతంగా వాడే డాగ్‌రిడ్జ్ తీగకు ఎక్కువ బలాన్ని, పండుకు ఎక్కువ పొటాషియాన్ని ఇస్తుంది. వైన్ రకాలకు 110 ఆర్. మేలు.

నారాయణ్‌గావ్, నంది కొండలు

భారతదేశంలో ఈ పద్ధతికి దారి చూపినది చౌగులే కుటుంబం. 1980లలో పుణె జిల్లా నారాయణ్‌గావ్‌లో, ఫ్రాన్సుకు చెందిన పైపర్-హైడ్సీక్ సాంకేతిక సహకారంతో వీరు తయారు చేసిన స్పార్క్లింగ్ వైన్ ‘ఒమర్ ఖయ్యాం’ పేరుతో ఐరోపా విపణికి చేరింది. పీఠభూమి మీది ద్రాక్షతో ఈ వైన్ తయారు కాగలదని అది నిరూపించింది. వేగంగా విస్తరించిన ఆ సంస్థ 2010 ప్రాంతంలో అప్పుల భారంతో కూలిపోయింది. తీగ నాటిన మూడవ ఏట గాని పంట చేతికి రాదు. షాంపేన్ నిబంధన ప్రకారం సీసా కనీసం 15 నెలలు నిల్వ ఉండాలి. మొదటి రాబడికి ఐదేళ్ళ వరకు పట్టే వ్యాపారంలో తోట నిర్వహణతో సమానంగా పెట్టుబడి ఓపికను కూడా లెక్క వేయాలి.

రెండవ ఉదాహరణ మనకు దగ్గరిది, తెలుగు మాట వినిపించే ప్రాంతం. గ్రోవర్ కుటుంబం షాంపేన్ సీమకు చెందిన జార్జ్ వెసెల్ సలహాతో ఫ్రెంచి రకాలను పరీక్షించి, 1988లో బెంగళూరు సమీపంలోని నంది కొండల వద్ద తోట వేసింది. ఆ తోట సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నది. ప్రతి 100 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 0.65 డిగ్రీలు తగ్గుతుంది. కొత్తగూడెం ఎత్తు 100 మీటర్ల లోపు. అంటే ఎత్తు వల్లనే ఈ రెండు చోట్ల మధ్య ఐదు డిగ్రీల తేడా వస్తుంది. నాసిక్ ఎత్తు దాదాపు 600 మీటర్లు. స్పార్క్లింగ్ వైన్ తోటలు అక్కడ నిలదొక్కుకొనడం యాదృచ్ఛికం కాదు.

హైదరాబాదు అనుభవం

తెలంగాణకు ద్రాక్ష కొత్త కాదు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదులో ప్రవేశపెట్టిన అనాబ్-ఎ-షాహీ పందిరి సాగులో అత్యధిక దిగుబడికి పేరు పొందింది. పెద్ద గుత్తి, పెద్ద పండు, 14 నుండి 16 బ్రిక్స్: ఇవి తినే ద్రాక్ష గుణాలు. ఆ రైతుల నైపుణ్యం నిస్సందేహమైనది. అయితే దిగుబడినే గొప్పగా చూచిన అలవాటు వైన్ తోటలో అడ్డంకి అవుతుంది. అక్కడ గుత్తుల సంఖ్యను తగ్గించి, హెక్టారుకు 10 టన్నుల ప్రాంతంలో ఆపడమే పని.

కొత్తగూడెం: రెండు తేదీల మధ్య చిక్కు

ఇక్కడ చల్కా, దుబ్బ నేలలలో మురుగు పోయే సౌకర్యం ద్రాక్షకు ఆటంకం కాదు. రైతులు మొదట మట్టి పరీక్ష చేయించి, ఫలితం బాగున్నదని ధైర్యపడడం ఉంటుంది. అసలు ఆటంకం తేదీలలో ఉన్నది.

పీఠభూమి సాగులో తీగ శీతనిద్ర పోదు. ఏప్రిల్‌లో పునాది కత్తిరింపు, అక్టోబరులో కాపు కత్తిరింపు చేసి ఒకే పంట తీస్తారు. కాపు కత్తిరింపు నుండి స్పార్క్లింగ్ వైన్ కోతకు దాదాపు 110 రోజులు పడుతుంది. అత్యంత చల్లని డిసెంబరు చివర, జనవరి తొలి వారాలలో కోయవలెనంటే సెప్టెంబరు మధ్యలో కత్తిరించాలి. 1000 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడే ఈ ప్రాంతంలో అది రుతుపవనాలు ఇంకా సాగే కాలం. లేత చిగుళ్ళ మీద, పూగుత్తుల మీద బూజు తెగులు విజృంభించే అవకాశం ఎక్కువ. వాన తప్పించుకొనడానికి నవంబరు మధ్య వరకు ఆగితే పండు పక్వానికి వచ్చేది మార్చిలో. అప్పటికి పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, మాలిక్ ఆమ్లం వేగంగా హరించుకుపోతుంది. అక్టోబరు మధ్యలో కత్తిరించినా బంగాళాఖాతపు తుఫానుల భయం తొలగదు. మందులు చల్లి తెగులును అదుపు చేయగలిగినా ఆ ఖర్చును కుటుంబ తోట ఏటేటా భరించాలి. కనుక ఈ పంటను ఇక్కడ వాణిజ్య స్థాయిలో సిఫారసు చేయుట ప్రస్తుతానికి సమంజసం కాదు. ఆయిల్‌పామ్‌కు అశ్వారావుపేటలో కర్మాగారం, మామిడికి విపణి ఉన్నచోట ద్రాక్ష కోసం సొమ్ము ఐదేళ్ళు బంధించుమని చెప్పడానికి ఆధారం లేదు.

పరీక్షకు అభ్యంతరం లేదు. 110 ఆర్. పై అంటుకట్టిన షార్డొనే, షెనిన్ బ్లాంక్ రకాలు ఒక్కొక్కటి ఇరవై తీగల చొప్పున వేసి, సెప్టెంబరు 15, అక్టోబరు 15, నవంబరు 15 తేదీలలో కత్తిరింపును విభజించవచ్చు. పండు మెత్తబడినప్పటి నుండి వారానికి రెండుసార్లు, సూర్యోదయానికి ముందు, వరుస అంతటి నుండి వంద పండ్లు తీసి బ్రిక్స్, పి.హెచ్., ఆమ్లత నమోదు చేయాలి. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతను, ప్రతి విభాగంలో చల్లిన మందుల ఖర్చును పక్కనే వ్రాయాలి. స్నాతకోత్తర విద్యార్థి సిద్ధాంత వ్యాసానికి ఇది సరిపడే పని. 18 బ్రిక్స్ వద్ద ఆమ్లత 7 గ్రాములకు పైన నిలిచిన విభాగం మూడు పంటకాలాలలోనూ ఏదైనా ఉన్నచో, ఆ తేదీకి మందుల ఖర్చు ఎంతయినదో చూచిన తరువాతనే రైతుతో మాట మొదలుపెట్టవచ్చు.