పద్మినికి కార్బురేటర్ కొనే ముందు

బాబూ,

నువ్వు ఫోన్లో చెప్పిందంతా విన్నాను. అప్పటికప్పుడు జవాబు చెబితే సగం నీ చెవిన పడి సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను. షెడ్డుకి వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకెళ్లు. తాతయ్య పద్మిని కారు విజయవాడలో దుమ్ము కొట్టుకుపోకుండా నీ చేతుల మీదుగా హైదరాబాద్ రోడ్లెక్కిందంటే నాకు అంతకన్నా ఏం కావాలి? దాని మీద అనవసరపు రిపేరు పడకూడదనే నా ఆత్రం.

సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఆగిపోతోందన్నావు. కదిలేటప్పుడు ఒక్క క్షణం తడబడి అప్పుడు అందుకుంటోందన్నావు. మైలేజీ కూడా పడిపోయిందన్నావు. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి కార్బురేటర్ పోయిందన్నాడు, నువ్వేమో ఇంటర్నెట్‌లో డబుల్ బ్యారెల్ వెబర్ ఒకటి చూసి పెట్టుకున్నావు. దాని మీద ఆశ వదులుకో, ఈ బండికి అది పనికిరాదు. ఎందుకో చెబుతాను గానీ, తప్పు నిజంగా కార్బురేటర్‌దేనా అన్నది ముందు తేల్చాలి.

ఆ మెకానిక్‌ని నేను తప్పుపట్టను. 2000 తర్వాత వచ్చిన కార్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే, ఈ తరం వాళ్ల చెయ్యి తిరిగింది వాటి మీద. కార్బురేటర్ బండి మొరాయిస్తే పైకి కనిపించే ఆ సామాను మీదే అనుమానం పోతుంది. ఆటోనగర్‌లో నా షెడ్డుకి కార్బురేటర్ పోయిందని వచ్చిన బండ్లలో చాలావాటికి అసలు రోగం డిస్ట్రిబ్యూటర్లో ఉండేది. పాయింట్లు గుంటలు పడి ఉంటాయి, కండెన్సర్ బలహీనపడి ఉంటుంది, టైమింగ్ జరిగి ఉంటుంది. టాపెట్లు బిగుసుకుపోయి వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా ఐడిలింగ్ నిలవదు. అందుకని కంప్రెషన్ చూపించు, నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయా చూసుకో. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు టాపెట్లు పెట్టించు. పాయింట్ల గ్యాప్ ఫీలర్ గేజ్ పెట్టి కొలిపించు, కంటితో చూసి సరిపోయిందంటే ఒప్పుకోవద్దు. టైమింగ్ లైటు పట్టించు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే కార్బురేటర్ మీద స్క్రూడ్రైవర్ పెట్టనివ్వు. ఇగ్నిషన్ తప్పుగా ఉన్న ఇంజినుకి కార్బురేటర్‌ని ఎంత ట్యూన్ చేసినా, ఆ తప్పుకి తగ్గట్టు దీన్ని కూడా తప్పుగా పెట్టినట్టే అవుతుంది.

అప్పటికీ జబ్బు తగ్గకపోతే ఎయిర్ క్లీనర్ విప్పు. మన బండి మీదున్నది సోలెక్స్, మద్రాసులో కార్బురేటర్స్ లిమిటెడ్ వాళ్లు తయారుచేసినది. కింది భాగంలో అడ్డంగా ఒక సన్నటి ఇనప కడ్డీ ఉంటుంది, థ్రాటిల్ స్పిండిల్ అంటారు. దాని చివరున్న లివర్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ ఊపు. తిప్పడం కాదు, ఊపడం. కొత్తదైతే కదిలినట్టే తెలియదు. అరిగినదైతే టకటకమని చేతికి తెలుస్తుంది. రిటర్న్ స్ప్రింగు ఎప్పుడూ ఒకవైపే లాగుతుంది కాబట్టి ఏళ్ల తరబడి ఆ రంధ్రం గుండ్రంగా కాక కోలగా అరుగుతుంది. ఆ సందులోంచి, పెట్రోలు కొలిచి వదిలే జెట్లతో సంబంధం లేని గాలి లోపలికి దూరుతుంది. రోడ్డు మీద స్పీడులో దాని ప్రభావం పెద్దగా ఉండదు, కానీ ఐడిలింగ్‌లో ఇంజిను తాగేదే కొద్ది గాలి కాబట్టి ఆ దొంగ గాలి చాలు ఆగిపోవడానికి. ఇంజిను వేడెక్కి నడుస్తుండగా స్పిండిల్ రెండు చివర్ల దగ్గరా, మానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గరా కార్బ్ క్లీనర్ స్ప్రే కొద్దిగా కొట్టు. ఇంజిను చప్పుడు మారిందంటే గాలి అక్కడ లాగుతోందన్నమాట. పెట్రోలు మాత్రం ఎవరినీ చల్లనివ్వొద్దు. ఎగ్జాస్ట్ వేడిగా ఉంటుంది, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా స్ప్రే కూడా కొట్టొద్దు.

ఇంజిను ఆపి ఇంకొకటి చూడు. పైనుంచి కార్బురేటర్ గొంతులోకి టార్చి వేసి లివర్‌ని ఒక్కసారి లాగితే సన్నటి పెట్రోలు ధార వెంటనే, తిన్నగా చిమ్మాలి. ఆలస్యంగా వచ్చినా, కారినట్టు వచ్చినా యాక్సిలరేటర్ పంప్ డయాఫ్రమ్ గట్టిపడిపోయిందని అర్థం. నువ్వు చెప్పిన తడబాటుకి నాకు మొదటి అనుమానం దాని మీదే. పెట్రోలు నిలవుండే ఛాంబర్లో తేలే ఫ్లోట్ తీయించి చెవి దగ్గర ఊపు, లోపల పెట్రోలు చప్పుడైతే చిల్లు పడ్డట్టే. వేడినీళ్లలో ముంచితే ఆ చిల్లు ఎక్కడో బుడగలే చూపిస్తాయి.

స్పిండిల్ ఒక్కటే అరిగి, బాడీకి పగుళ్లు లేకపోతే కొత్తది కొనవద్దు. మంచి లేత్ వాడి దగ్గర రెండు వైపులా ఇత్తడి బుష్‌లు వేయించి, కొత్త స్పిండిల్ పెట్టించి, రిపేర్ కిట్ వేయిస్తే అది ఇంకో తరం నడుస్తుంది. అడుగు ఫ్లాంజ్ వంగిందేమో కూడా స్కేలు అంచు ఆనించి చూడమను. నట్లు ఒకవైపు బిగించీ బిగించీ ఆ మెత్తటి లోహాన్ని వంచేసిన వాళ్లు చాలామంది ఉన్నారు.

బాడీ పగిలితేనో, థ్రెడ్లు పోతేనో కొనాలి. అప్పుడు నా వరస ఇది: మొదట మంచి స్థితిలో ఉన్న పాత ఒరిజినల్, అది దొరక్కపోతేనే కొత్త లోకల్ మేక్. డబ్బాలో మెరుస్తున్న కొత్తది వదిలేసి మసిబారిన పాతది తీసుకోమంటున్నానని వింతగా అనిపించొచ్చు. లోకల్ మేక్‌లో కొన్నింటికి స్పిండిల్ రంధ్రం పుట్టుకతోనే వదులు. జెట్ మీద కొట్టిన నంబరు ఒకటి, లోపలి రంధ్రం ఇంకొకటి. పైకి బాగుంటుంది, ట్యూనింగ్‌కి మాత్రం లొంగదు. రాణిగంజ్‌లో అడిగి చూడు. అక్కడ దొరక్కపోతే నాకు చెప్పు, ఆటోనగర్‌లో నేను వెతికిస్తాను. చెన్నై పుదుపేటలో కూడా పాత సామాను దొరుకుతుంది. ఎక్కడ కొన్నా స్పిండిల్ ఊపి చూడకుండా డబ్బు ఇవ్వకు. మన కార్బురేటర్ విప్పి వెంట తీసుకెళ్లు. అడుగున స్టడ్ల మధ్య దూరం, గొంతు వ్యాసం, లివర్ తిరిగే వైపు, చోక్ కేబుల్ తగిలించే చోటు ఒక్కొక్కటీ పక్కన పెట్టి పోల్చు. లివర్ అటుది ఇటైతే యాక్సిలరేటర్ రాడ్డు కలవదు, దాన్ని వంచి వెల్డింగ్ చేసే పని మొదలవుతుంది. ఆ రాడ్డు స్పీడులో ఉండగా పట్టేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఇక వెబర్ సంగతి. అది గొప్ప కార్బురేటర్, కాదనను. కానీ మన ఇంజిను 1089 సీసీ. కార్బురేటర్ గొంతు మధ్యలో సన్నబడే చోట గాలి వేగం పెరుగుతుంది, ఆ వేగానికి పుట్టే లాగుడే జెట్లోంచి పెట్రోలుని పైకి తెచ్చి తుంపరగా విడగొడుతుంది. గొంతు పెద్దదైతే ఇంత చిన్న ఇంజిను లాగే గాలికి ఆ వేగం రాదు. పెట్రోలు పొగమంచులా కాక చుక్కలుగా పడి మానిఫోల్డ్ గోడల్ని తడుపుతుంది. నువ్వు తిరిగేది మెహదీపట్నం, అమీర్‌పేట ట్రాఫిక్‌లో, కింది స్పీడుల్లో పికప్ కావాల్సిన చోట. పెద్ద కార్బురేటర్ సరిగ్గా అక్కడే దెబ్బతీస్తుంది. తాతయ్య ఆ బండిని సోలెక్స్‌తోనే నిండు కుటుంబంతో శ్రీశైలం ఘాట్ ఎక్కించారు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. ఇది నీ మెకానిక్ ఆలోచించి ఉండడు. తాతయ్య బండి కొన్ననాడు ట్యాంకులో పడింది ఉత్త పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం ఇథనాల్. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 పాళ్లే చాలు. అంటే అదే గాలికి ఇప్పటి ఇంధనం ఎక్కువ పోయాలి. జెట్ మాత్రం పాతదే కాబట్టి మిక్చర్ దాదాపు 8 శాతం పలచబడుతుంది. దీనికి ఎదురు పనిచేసేది హైదరాబాద్ ఎత్తు. విజయవాడ దాదాపు సముద్రమట్టం, నువ్వున్నది సుమారు 540 మీటర్ల మీద. అక్కడ గాలి సాంద్రత 5 శాతం దాకా తక్కువ, దానివల్ల మిక్చర్ రెండు మూడు శాతం చిక్కబడుతుంది. ఆ మేరకు ఊరు నిన్ను ఆదుకుంటుంది గానీ పూర్తిగా కాదు. కాబట్టి మెయిన్ జెట్ ఒక మెట్టు పెద్దది పెట్టి చూడాలి. సోలెక్స్ జెట్ మీది నంబరు రంధ్రం కొలతే. 115 అంటే 1.15 మిల్లీమీటర్లు. నీ జెట్ 115 అయితే 117.5 గానీ 120 గానీ వెయ్యి, అంతకు మించి పోకు. పాత జెట్‌నే డ్రిల్లుతో పెద్దది చేస్తానంటే ఒప్పుకోవద్దు, తీగతో పొడవనివ్వొద్దు. ఇత్తడి మెత్తన, ఒక్క గీత పడితే కొలత పోతుంది. గాలి కొట్టి, క్లీనర్‌తో కడిగితే చాలు. ఇథనాల్ పాత రబ్బరుని కూడా తినేస్తుంది కాబట్టి పెట్రోలు గొట్టాలూ, పంపు డయాఫ్రమ్ ఇథనాల్ తట్టుకునేవే అడిగి వేయించు. నీళ్లని కూడా పీల్చుకునే గుణం దానిది. బండిని వారాల తరబడి ఆపేటట్టయితే ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పెట్రోలు పైపు తీసి మూసి, ఛాంబర్లో ఉన్నది అయిపోయేదాకా నడిపి ఆపు.

బిగించేటప్పుడు కార్బురేటర్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య బేకలైట్ బ్లాకు మర్చిపోవద్దు. అది లేకపోతే ఎండాకాలంలో ఎగ్జాస్ట్ వేడి పైకెక్కి ఛాంబర్లో పెట్రోలు మరుగుతుంది, టీ తాగి వచ్చేసరికి బండి స్టార్ట్ కాదు.

ట్యూనింగ్‌కి తొందరపడితే లాభం లేదు. మొదట ఛాంబర్లో పెట్రోలు మట్టం. సోలెక్స్‌లో దాన్ని నీడిల్ వాల్వ్ కింది వాషర్ మందం నిర్ణయిస్తుంది, పాతదే వేశారా అని అడుగు. తర్వాత ఇంజిను ఇరవై నిమిషాలు నడిచి బాగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా లోపలికి నెట్టి ఉండాలి. అడుగున ఉండే మిక్చర్ స్క్రూని మెత్తగా తగిలేదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి విప్పించు. గట్టిగా బిగిస్తే దాని మొనకి గాడి పడి ఇక ఎప్పటికీ కుదరదు. స్లో స్క్రూతో వేగం కొంచెం పైకి పెట్టి, మిక్చర్ స్క్రూని పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పుతూ విను. ప్రతి పావు చుట్టుకీ ఆగాలి, ఇంజినుకి జవాబు చెప్పే సమయం ఇవ్వాలి. ఒకచోట ఇంజిను వణకడం మొదలుపెడుతుంది, అది పలచన. వెనక్కి విప్పుతూ పోతే చప్పుడు నునుపై, వేగం పెరిగి, ఇంకా విప్పితే బరువెక్కి దడదడమంటుంది, అది చిక్కన. ఆ రెంటికీ మధ్య వేగం ఎక్కువగా ఉన్న చోటు పట్టుకుని, స్లో స్క్రూతో వేగం మళ్లీ దించు. ఇలా రెండు మూడు సార్లు చేస్తే స్థిరపడుతుంది. మిక్చర్ స్క్రూ ఎంత తిప్పినా ఇంజిను పట్టించుకోలేదంటే ఐడిలింగ్‌కి పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ మూసుకుపోయిందో, ఇందాకటి దొంగ గాలి ఇంకా ఉందో చూడాలి.

మెయిన్ జెట్ సరిపోయిందా అన్నది రోడ్డు మీదే తెలుస్తుంది. ఖాళీ రోడ్డున అరవైలో నిలకడగా వెళుతూ చోక్ కొద్దిగా లాగు. బండి ఇంకాస్త ఉత్సాహంగా లాగితే ఇప్పటిదాకా పలచగా ఉన్నట్టు, మందగిస్తే సరిపోయినట్టు. కొన్నాళ్లు తిరిగాక ప్లగ్గులు విప్పి చూడు. లేత గోధుమ రంగు మంచిది, నల్లటి మసి చిక్కన, తెల్లగా కాలినట్టుంటే పలచన. పలచనను అశ్రద్ధ చేస్తే వాల్వులు కాలిపోతాయి, అందుకే రెంటిలో అదే నాకు ఎక్కువ భయం. పొల్యూషన్ చెకింగ్ సెంటర్ని కూడా వాడుకో. మన బండి తరం పెట్రోల్ కారుకి ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్ 1500 పీపీఎం మించకూడదు. మెషిన్ పక్కనే నిలబడి స్క్రూ తిప్పుతూ అంకె చూడనిమ్మని అడుగు, నీ చెవి చెప్పిందీ మెషిన్ చెప్పిందీ కలుస్తాయో లేదో తెలుస్తుంది.

ఒకటి మార్చి నడిపి చూశాకే రెండోది మార్చు, ఏం మార్చావో తేదీతో పుస్తకంలో రాసుకో.

పాత కార్బురేటర్ని మాత్రం ఏ షెడ్డులోనూ వదిలి రావద్దు, ఎక్స్ఛేంజ్ అన్నా ఇవ్వొద్దు. బాడీ మీది అచ్చు, జెట్ల మీది నంబర్లు ఫోటో తీసి నాకు పంపు. అవి నేను చూశాకే డబ్బు కట్టు.

అమ్మకి నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
పెద్ద మామయ్య